అంత్యకాల ప్రవచనాలు: చదవకపోతే ఒక నష్టం, తప్పుగా చదివితే ఇంకో నష్టం

బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం పేరెత్తగానే విశ్వాసులు రెండు జట్లవుతారు. ఒక జట్టుకు అదంటే బెరుకు. మృగాలు, బూరలు, కోపపాత్రలు, అంతుపట్టని అంకెలు, మనకెందుకొచ్చిన గొడవ అనుకుని సువార్తలతో, కీర్తనలతో, పౌలు పత్రికలతో సరిపెట్టుకుంటారు. ఇంకో జట్టుకు అది తప్ప వేరే గ్రంథం కంటికి ఆనదు. పొద్దున వార్తల్లో ఎక్కడ యుద్ధం మొదలైనా సాయంత్రానికి దానికో వచనం అతికించేస్తారు. పైకి ఎడమొహం పెడమొహంగా ఉన్నా, రెండో జట్టు దుకాణం నడిచేది మొదటి జట్టు దయవల్లే. బైబిలు తెరిచి "అక్కడ అలా లేదే" అనేవాళ్లు సంఘంలో కరువైతే ఎవరేం చెప్పినా చెల్లిపోతుంది.

అంత్యకాల ప్రవచనాలు చదవాల్సిన మొదటి కారణం ఇక్కడే ఉంది. రేపటి సంగతులు తనకు తెలుసని చెప్పేవాడి చేతిలో మోసపోకుండా ఉండడానికి చదవాలి. మత్తయి 24లో ఒలీవల కొండ మీద శిష్యులు అడిగింది "ఎప్పుడు?" అని. యేసు జవాబు తేదీతో మొదలవలేదు. "ఎవడును మిమ్మును మోసపరచకుండ చూచుకొనుడి" అన్నది ఆయన నోట వచ్చిన మొదటి మాట. ఆ ఒక్క అధ్యాయంలోనే 4, 5, 11, 24 వచనాల్లో నాలుగుసార్లు మోసం గురించే హెచ్చరిస్తాడు.

యుద్ధాలు, కరవులు, భూకంపాల గురించి ప్రసంగాల్లో ఎక్కువగా వినిపించే 6, 7 వచనాలు కూడా అక్కడివే. వాటిని చూపించి "అంతం వచ్చేసింది" అంటారు. ఆరో వచనం చివర ఏముందో మాత్రం చాలామంది చదవరు: "అంతము వెంటనే రాదు." ఎనిమిదో వచనం వాటిని "వేదనలకు ప్రారంభము" అంటుంది. అంటే ఏ వాక్యాన్ని చూపించి జనాన్ని కంగారుపెడుతున్నారో, ఆ వాక్యమే కలవరపడవద్దని చెబుతోంది. దీన్ని పట్టుకోవడానికి గ్రీకు రానక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు.

పౌలు కొత్త విశ్వాసులకు నేర్పిన పాఠం

"ఇవన్నీ ముదిరిన విశ్వాసులకు, వేదాంత కళాశాలలకు" అనే మాట తరచూ వినిపిస్తుంది. థెస్సలొనీక సంఘం సంగతి చూస్తే ఆ మాట నిలవదు. అపొస్తలుల కార్యములు 17 ప్రకారం పౌలు అక్కడి సమాజమందిరంలో తర్కించింది మూడు విశ్రాంతి దినాలు. ఆ తర్వాత అల్లరి లేచి రాత్రికి రాత్రే ఊరు దాటాల్సి వచ్చింది. అంత తక్కువ వ్యవధిలో, నిన్నమొన్నటి దాకా విగ్రహాల ముందు మొక్కినవాళ్లకు, ఆయన ప్రభువు రాకడ (క్రీస్తు తిరిగి రావడం) గురించీ, దానికి ముందు బయలుపడే దేవుని విరోధి అయిన పాపపురుషుడి గురించీ బోధించాడు. "నేనింకను మీయొద్ద ఉన్నప్పుడు ఈ సంగతులను మీతో చెప్పినది మీకు జ్ఞాపకములేదా?" అని 2 థెస్సలొనీకయులకు 2:5లో అడుగుతున్నాడు. ఆయన దృష్టిలో ఇది ప్రాథమిక పాఠమన్నమాట.

ఆ పాఠం సగం విని సగం మరిచిపోతే ఏమవుతుందో కూడా ఆ రెండు పత్రికల్లో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మొదటి చిక్కు దుఃఖం. రాకడకు ముందే చనిపోయిన తమవాళ్లు ఆ మహిమకు దూరమైపోతారేమోనని వాళ్లు కుమిలిపోయారు. 1 థెస్స. 4:13–18లో పౌలు మృతుల పునరుత్థానం గురించి, ప్రభువును ఎదుర్కోవడం గురించి చెప్పి, "ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి" అని ముగించాడు. ఈ రోజుల్లో ఇదే భాగాన్ని విశ్వాసులు హఠాత్తుగా ఎత్తబడితే విమానాలు కూలిపోవడం, కార్లు డ్రైవర్లు లేకుండా దూసుకుపోవడం వర్ణించడానికి వాడుతున్నారు. సమాధి దగ్గర నిలబడ్డ కుటుంబానికి రాసిన మాటల్ని భయపెట్టే సినిమాగా మార్చడం కంటే పెద్ద పొరపాటు ఏముంటుంది?

రెండో చిక్కు పుకారు. ప్రభువు దినం అప్పుడే వచ్చేసిందని ఎవరో చెప్పారు. పౌలు పంపినట్టుగా ఒక ఉత్తరమే తిరిగినట్టు 2 థెస్స. 2:2ను బట్టి అర్థమవుతుంది. ఫార్వర్డ్ మెసేజీలు కొత్తగా వచ్చినవేమీ కావు. మూడోది సోమరితనం. సంఘంలో కొందరు పని మానేసి ఇతరుల మీద పడి తింటున్నారు. రాకడ దగ్గరపడిందనే ఉద్దేశంతోనే మానేశారని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. పత్రిక మాత్రం కారణం విడమరచి చెప్పలేదు. పౌలు జవాబు మొహమాటం లేనిది: పని చేయనొల్లనివాడు భోజనం చేయకూడదు (2 థెస్స. 3:10). ఒక బోధ వినగానే ఉద్యోగం మానెయ్యాలనో, పిల్లల చదువు ఆపాలనో, ఇల్లు అమ్మాలనో అనిపిస్తే ఆ బోధలో ఎక్కడో తేడా ఉందని అనుమానించడానికి ఈ అధ్యాయం ఒక్కటి చాలు.

ప్రవచనాన్ని చదివి ఏం చేయాలో దానియేలు 9వ అధ్యాయం చూపిస్తుంది. యెరూషలేము పాడైపోయి ఉండే కాలం డెబ్బై సంవత్సరాలని యిర్మీయా రాసింది చదివి దానియేలు గ్రహించాడు. తర్వాత ఆయన ప్రజలను పోగుచేసి తేదీ ప్రకటించలేదు, పటం గీయలేదు. ఉపవాసముండి, గోనెపట్ట కట్టుకుని, తన జనం పాపాలు ఒప్పుకుంటూ ప్రార్థించాడు. దీనికి సరిగ్గా అవతలి కొసన హేరోదు కొలువులోని శాస్త్రులున్నారు. మెస్సీయ ఎక్కడ పుట్టాలని అడిగితే తడుముకోకుండా మీకా ప్రవచనం అప్పజెప్పారు. బేత్లెహేము అక్కడికి పది కిలోమీటర్ల లోపే. వాళ్లలో ఒక్కరైనా చూడడానికి వెళ్లినట్టు మత్తయి రాయలేదు.

లెక్క ఎక్కడ తప్పుతుంది

తేదీలు కట్టేవాళ్లంతా మోసగాళ్లు కారు. వాళ్లలో చాలామంది నిజాయితీపరులు. అందుకే వాళ్లు చేసిన లెక్కను విప్పి చూడడం ఉపయోగం. అన్నిటిలోకీ ప్రసిద్ధమైనది అమెరికాలో విలియం మిల్లర్ అనే బాప్టిస్టు బోధకుడిది.

ఆయన పట్టుకున్నది దానియేలు 8:14: 2300 దినాల తర్వాత పరిశుద్ధాలయం పవిత్రమవుతుందన్న మాట. లెక్క ఇలా సాగింది. ఆ 2300 పూర్తి రోజులు. ప్రవచనంలో ఒక రోజు అంటే ఒక సంవత్సరం; దీనికి ఆధారం సంఖ్యాకాండము 14:34, యెహెజ్కేలు 4:6. ఆ సంవత్సరాలు మొదలయ్యే చోటు 8వ అధ్యాయంలో లేదు కాబట్టి 9:25లోని "యెరూషలేమును మరల కట్టించవచ్చు" అన్న ఆజ్ఞ నుంచి లెక్కించాలి. ఆ ఆజ్ఞ క్రీ.పూ. 457లో అర్తహషస్త ఇచ్చినది. పరిశుద్ధాలయం పవిత్రమవడం అంటే క్రీస్తు తిరిగి వచ్చి భూమిని శుద్ధి చేయడం. 2300లోంచి 457 తీసేస్తే 1843. క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1 వస్తుంది, మధ్యలో సున్నా సంవత్సరం లేదు కాబట్టి ఒకటి కలిపితే 1844. చివరికి ఆయన అనుచరులు యూదుల ప్రాయశ్చిత్త దినాన్ని ఒక పాత పంచాంగం ప్రకారం లెక్కించి 1844 అక్టోబరు 22 అని తేల్చారు. వేలమంది ఎదురుచూశారు. తెల్లవారింది, ఏమీ జరగలేదు. దాన్ని చరిత్రలో "మహా నిరాశ" అంటారు. చాలామంది వదిలేసి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో ఒక శాఖ నుంచి 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం ఏర్పడింది.

కూడికలో, తీసివేతలో తప్పు లేదు. తప్పు ఊహల గొలుసులో ఉంది. పై లెక్కలో ఐదు ఊహలున్నాయి. ఒక్కొక్కటీ నూటికి 80 పాళ్లు నిజమని ఉదారంగా ఒప్పుకున్నా, ఐదూ ఒకేసారి నిజమయ్యే అవకాశం 33 శాతం కంటే తక్కువ. వినేవాడికి మాత్రం ప్రతి మెట్టు దగ్గరా ఒక వచనం వినిపిస్తుంది కాబట్టి మొత్తం వాక్యానుసారమే అనిపిస్తుంది. పైగా దానియేలు 8లోనే 20, 21 వచనాలు పొట్టేలు మాదీయుల, పారసీకుల రాజులనీ, మేకపోతు గ్రేకుల రాజు అనీ పేరుపెట్టి చెప్పాయి. గ్రీకు చక్రవర్తి అలెగ్జాండర్ క్రీ.పూ. 323లో చనిపోయాడు, రాజ్యం ముక్కలైంది. ఆ ముక్కల్లో ఒకదాన్నుంచి వచ్చిన నాలుగో అంతియొకస్ క్రీ.పూ. 167లో ఆలయాన్ని అపవిత్రం చేశాడు, 164లో అది తిరిగి ప్రతిష్ఠ జరిగింది. అధ్యాయం తనంతట తానే చూపిస్తున్న ఈ దారిని వదిలి 2300 అంకెను మాత్రం పీకి పట్టుకోవడం దగ్గరే బండి పట్టాలు తప్పింది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. జర్మనీలోని మ్యూన్‌స్టర్ పట్టణంలో యాన్ మాథిస్ అనే బోధకుడు 1534 ఈస్టరుకు తీర్పు దిగుతుందన్నాడు. ఆ రోజు కొద్దిమందితో ముట్టడి సైన్యం మీదికి వెళ్లి చచ్చిపోయాడు. మరుసటి ఏడు పట్టణం కూలింది. నాయకుల శవాలు వేలాడదీసిన మూడు ఇనుప బోనులు అక్కడి చర్చి గోపురానికి నేటికీ ఉన్నాయి. రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు, అది దాటాక అక్టోబరు 21 అన్నాడు, 2012లో తప్పు ఒప్పుకున్నాడు. మార్కు 13:32లో ఆ దినం, ఆ గడియ కుమారుడు కూడా ఎరుగడని రాసి ఉండగా, "దినం, గడియ తెలియకపోవచ్చు గానీ నెల, సంవత్సరం తెలుస్తాయి" అని వాదించేవాళ్లూ ఉన్నారు. దానికి అపొస్తలుల కార్యములు 1:7 సరిపోతుంది. అక్కడ కాలాలూ సమయాలూ కూడా తండ్రి స్వాధీనంలోనే ఉన్నాయి.

వార్తాపత్రిక కంటే ముందు పాత నిబంధన

ప్రకటన గ్రంథంలో సుమారు 400 వచనాలున్నాయి. వాటిలో సగానికి పైగా పాత నిబంధన ఛాయలున్నవే. దాన్ని రాసిన యోహాను "అని వ్రాయబడియున్నది" అంటూ ఎక్కడా ఎత్తి చూపడు, పాఠకుడికి తెలుసన్న ధీమాతో రాసుకుంటూ పోతాడు. మనకు తెలియదు కాబట్టి ఆ ఖాళీని వార్తలతో నింపుతాం. 9వ అధ్యాయంలోని మిడతలు హెలికాప్టర్లనే వ్యాఖ్యానం అలా పుట్టినదే. యోవేలు మొదటి రెండు అధ్యాయాలు, నిర్గమకాండము 10 చదివినవాడికి ఆ మిడతలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పక్కర్లేదు.

13వ అధ్యాయంలో సముద్రంలోంచి లేచే మృగాన్ని చూడండి. చిరుతపులి ఆకారం, ఎలుగుబంటి పాదాలు, సింహపు నోరు, ఏడు తలలు, పది కొమ్ములు. దానియేలు 7 తెరిస్తే సముద్రంలోంచి నాలుగు మృగాలు వస్తాయి: సింహం, ఎలుగుబంటి, నాలుగు తలల చిరుతపులి, పది కొమ్ముల నాలుగోది. తలలు లెక్కపెడితే ఏడు. యోహాను ఆ నాలిగింటినీ తిరగేసిన వరుసలో ఒకే మృగంలోకి కలిపేశాడు. దానియేలు చూసిన సామ్రాజ్యాల దౌర్జన్యమంతా ఒకచోట పోగుపడిందని చెప్పడం ఆయన ఉద్దేశం. మొదటి పాఠకులకు అది తమ కళ్లెదుటి రోమా అని ఇట్టే తెలిసి ఉంటుంది. 17:9 ఆ ఏడు తలలు ఏడు కొండలని కూడా చెబుతుంది. ఇంకా ముందుకు వెళ్లి, చివరి రోజుల్లో వచ్చే పాలకుడు కూడా ఇందులో ఉన్నాడా అన్నది వేరే ప్రశ్న. ఉన్నాడని నేటి సువార్తిక సంఘాల్లో చాలామంది నమ్ముతారు. కానీ ఆ ప్రశ్నకు దానియేలు 7 గుండా వెళ్లాలి, టీవీ గుండా కాదు.

ఆ మృగం సంఖ్య 666 సంగతీ అంతే. హెబ్రీ అక్షరాలకు అంకెల విలువలుంటాయి. "నెరోన్ కేసర్" అని హెబ్రీలో రాస్తే వరసగా 50, 200, 6, 50, ఆ పైన 100, 60, 200. కూడితే 666. పేరు చివరి "న్" తీసేసి లాటిన్ పద్ధతిలో "నెరో" అని రాస్తే 50 తగ్గి 616 అవుతుంది; కొన్ని పురాతన ప్రతుల్లో నిజంగానే 616 ఉంది. రెండో శతాబ్దపు బిషప్ ఇరేనియస్‌కు కూడా ఆ పాఠాంతరం తెలుసు. క్రైస్తవులను హింసించిన నీరో చక్రవర్తిని ఈ అంకె ముందుగా గుర్తుచేసిందనడానికి ఇది గట్టి ఆధారమే గానీ, అందరూ ఒప్పుకున్న తీర్పు కాదు. ఇరేనియస్ స్వయంగా నీరో పేరు ఎత్తకుండా వేరే పేర్లు సూచించి, ఏదీ తేల్చి చెప్పడం మంచిది కాదన్నాడు. రెండో శతాబ్దంలోనే అంత జాగ్రత్తపడ్డారంటే, బార్‌కోడ్ గీతల్లో 666 ఉందని తేల్చేసినవాళ్ల ధైర్యానికి ఆశ్చర్యం వేస్తుంది. అక్కడ కనిపించే పొడవాటి జంట గీతలు స్కానర్‌కు హద్దులు చూపించేవి, ఆరు అంకెలు కావు. ఆ మాట అటుంచి, 13:16లో చేతిమీద, నొసటిమీద వేసే మృగపు ముద్రకు జత 14:1లో ఉంది: గొర్రెపిల్ల నామం నొసళ్లమీద ఉన్నవాళ్లు. ఎవరికి ఆరాధన, ఎవరికి విధేయత అన్నది అక్కడి ప్రశ్న. పొరపాటున ఒక కార్డు తీసుకుని నరకానికి పోతామేమోనన్న భయానికి ఆ అధ్యాయంలో చోటు లేదు. ముద్ర వేయించుకున్నవాళ్లు మృగానికి మొక్కినవాళ్లని 14:9 స్పష్టం చేస్తుంది.

చాలా సంకేతాలకు గ్రంథమే అర్థం చెబుతుంది, మనం ఊహించే శ్రమ లేకుండా. నక్షత్రాలు, దీపస్తంభాలు 1:20లో. ధూపద్రవ్యాలు 5:8లో. ఘటసర్పం 12:9లో. జలాలు 17:15లో. సన్నపు నారబట్టలు 19:8లో. ముందు వీటిని పెన్సిలుతో గీసుకుంటే సగం పొగమంచు విడిపోతుంది.

ఇంకో చిక్కు కాలం గురించినది. ప్రవక్త ఒకే వాక్యంలో చెప్పిన రెండు సంగతుల మధ్య శతాబ్దాలు ఉండవచ్చు. లూకా 4లో యేసు నజరేతు సమాజమందిరంలో యెషయా 61 చదువుతూ "ప్రభువు హితవత్సరము" దగ్గర గ్రంథం చుట్టేశాడు. యెషయాలో ఆ వాక్యం అక్కడ ఆగదు. "మన దేవుని ప్రతిదండన దినము" అని కొనసాగుతుంది. మొదటి సగం "నేడు" నెరవేరిందన్నాడు, రెండో సగం చదవనేలేదు. అలాగే ఒకే ప్రవచనం ఒకటి కంటే ఎక్కువసార్లు మోగవచ్చు. అంతియొకస్ కాలంలో జరిగిపోయిందనుకున్న "నాశకరమైన హేయవస్తువు" (ఆలయాన్ని అపవిత్రం చేసేది) గురించి మత్తయి 24:15లో యేసు రాబోయేదన్నట్టు మాట్లాడాడు. క్రీ.శ. 70లో రోమా సేనాని తీతు సైన్యం యెరూషలేమును, ఆలయాన్ని నేలమట్టం చేసింది. దండ్లు నగరాన్ని చుట్టుముట్టడం చూస్తే కొండలకు పారిపొమ్మని లూకా 21లో ఉంది. యుద్ధానికి ముందే యెరూషలేము క్రైస్తవులు దైవ హెచ్చరిక అందుకుని యొర్దాను అవతలి పెల్లాకు తరలిపోయారని నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు. కొందరు పండితులు దీన్ని సందేహిస్తారు. నిజమైతే మాత్రం, ప్రవచనం ప్రాణాలు కాపాడిన సందర్భమది.

విభేదాలను ఏ మేరకు పట్టించుకోవాలి

క్రీస్తు సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి మహిమతో తిరిగి వస్తాడు, మృతులు లేస్తారు, ఆయన రాజ్యానికి అంతం ఉండదు. ఇది 381 నాటి నైసియా విశ్వాస ప్రమాణంలో ఉంది. ప్రధాన సంఘాలన్నీ ఒప్పుకుంటాయి. దీని మీద రాజీ లేదు.

క్రీస్తు వెయ్యేండ్ల పాలన దగ్గర దారులు చీలతాయి. ఆ మాట ప్రకటన 20లో, రెండు నుంచి ఏడో వచనం వరకు ఆరుసార్లు వస్తుంది. దానికి ముందే క్రీస్తు వస్తాడని కొందరు, సువార్త వల్ల లోకం మారి ఆ యుగం గడిచాక వస్తాడని కొందరు, అది ఇప్పుడు పరలోకంలో నడుస్తున్న క్రీస్తు పాలనకు సంకేతమని ఇంకొందరు. అంత్యకాలపు మహాశ్రమలకు ముందే సంఘం పరలోకానికి ఎత్తబడుతుందన్న బోధ 1830ల నుంచి జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడి వల్ల, తర్వాత 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు వివరణల వల్ల బాగా వ్యాపించింది. దాన్ని నమ్మేవాళ్లు 1 థెస్స. 5:9, ప్రకటన 3:10 చూపిస్తారు. ఒప్పుకోనివాళ్లు మత్తయి 24:29–31లో శ్రమ తర్వాతే ఏర్పరచబడినవాళ్లను పోగుచేయడం ఉందంటారు. "ఏడేండ్ల శ్రమలు" అన్న మాట ప్రకటన గ్రంథంలో నేరుగా లేదని చాలామందికి తెలియదు. అక్కడ ఉన్నవి 42 నెలలు, 1260 దినాలు. ఏడు అన్నది దానియేలు 9:27లోని ఒక వారాన్ని ఏడు సంవత్సరాలుగా లెక్కించి తీసుకున్నది. "క్రీస్తు విరోధి" అన్న పేరు కూడా అక్కడ లేదు, యోహాను మొదటి రెండు పత్రికల్లోనే ఉంది. ఆ బోధలు తప్పని కాదు. అవి నాలుగైదు చోట్ల నుంచి తెచ్చి కట్టినవని తెలిసి పట్టుకోవాలి. తన పటాన్ని ఒప్పుకోనివాడు బైబిలునే ఒప్పుకోనట్టు మాట్లాడే బోధకుడి దగ్గర కాస్త దూరంగా కూర్చోవడం మేలు.

మొదలుపెట్టేవాళ్లు నేరుగా ప్రకటన 6లోకి దూకితే మూడో రోజే ఆపేస్తారు. మత్తయి 24తో పాటు 25 కూడా కలిపి చదవండి. ఎదురుచూడడమంటే ఏమిటో అక్కడి పదిమంది కన్యకల, తలాంతుల ఉపమానాలు చెబుతాయి. తర్వాత థెస్సలొనీక పత్రికలు రెండూ, మొత్తం ఎనిమిది అధ్యాయాలే. ఆ తర్వాత దానియేలు. 2, 7 అధ్యాయాలు పక్కపక్కన పెట్టుకుంటే నాలుగు రాజ్యాల వరుస తెలిసిపోతుంది. అప్పుడు ప్రకటన గ్రంథాన్ని ఒక్క కూర్చోవడంలో, పైకి, మొదటి నుంచి చివరి దాకా చదవండి. గంటన్నర దాకా పట్టవచ్చు. 1:3లో ధన్యత చదివేవాడికీ విని గైకొనేవాళ్లకూ కలిపి చెప్పింది అందుకే. అది సంఘంలో ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు వినడానికి రాసిన ఉత్తరం. ఈసారికి ఏదీ విప్పడానికి ప్రయత్నించవద్దు.

రెండోసారి ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. 2, 3 అధ్యాయాల్లో ఏడు సంఘాలకు రాసిన ఉత్తరాల్లో "జయించువానికి" ఇచ్చిన వాగ్దానాలు ఎడమవైపు రాయండి: జీవవృక్ష ఫలాలు, రెండవ మరణం వల్ల హాని లేకపోవడం, జీవగ్రంథంలో పేరు, నూతన యెరూషలేము, సింహాసనం, వేకువచుక్క. 20 నుంచి 22 అధ్యాయాలు చదువుతూ వాటికి జతలు కుడివైపు రాయండి. జీవవృక్షం 22:2లో, రెండవ మరణం 20:14లో, నూతన యెరూషలేము 21:2లో, వేకువచుక్క 22:16లో దొరుకుతాయి. మధ్యలోని మృగాల అధ్యాయాలు ఎఫెసు, స్ముర్న, లవొదికయ విశ్వాసులు అక్కడి నుంచి ఇక్కడికి నడవాల్సిన దారి. మూడోసారి చదివేటప్పుడు వాటిని మొదలుపెట్టండి.